బీరూట్ బృందం: ఇన్నేళ్లుగా వింటున్నది ఆ ట్రంపెట్ల కోసమే

అమెరికా సంగీత బృందం బీరూట్‌ను నడిపే గాయకుడు జాక్ కాండన్ ఎన్ని వాయిద్యాలు వాయిస్తాడో దాని గురించి రాసే ప్రతివారూ చెప్పేదే కనుక వదిలేస్తాను. ఈ బృందాన్ని నేను విడవకుండా వినడానికి కారణం ఒక్కటే, అందులో ట్రంపెట్లు మోగే తీరు. ఒక్క ట్రంపెట్‌తో అతనికి తృప్తి ఉండదు. అదే వరుసను మళ్లీ మళ్లీ ఊది పొరలు పొరలుగా పేరుస్తాడు. ఆ పొరల మధ్య శ్రుతి వెంట్రుకవాసి తేడా పడటం వల్ల, గదిలో ఒంటరిగా రికార్డు చేసిన పాట కూడా పది మంది వీధిలో నడుస్తూ వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా ఊరేగింపుల్లో బ్యాండు మేళం వెంట తిరుగుతూ పెరిగిన నాకు ఆ మోత ఏనాడూ పరాయిదనిపించలేదు.

2006లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘గులాగ్ ఆర్కెస్టర్’నే చాలాకాలం అందరికీ ముందుగా వినిపించేవాణ్ణి. అందులోని బరువైన విషాదం ఇప్పటికీ ఇష్టమే గానీ, ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతపు బాణీల మీద మోజు పాటల కంటే ముందు కనబడుతుండటంతో దాన్ని మొదటినుంచి చివరిదాకా వినడం తగ్గించాను. 2009లో వచ్చిన, మెక్సికోలోని వహాకా ప్రాంతపు అంతిమయాత్రల బ్యాండుతో, 19 మంది వాద్యకారులతో చేసిన పాటలు మాత్రం వన్నె తగ్గలేదు. వాటికి జతగా వచ్చిన ఎలక్ట్రానిక్ పాటలను దాటేస్తుంటాను.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది 2019 నాటి ‘గల్లీపోలి’. దాని పేరుతోనే ఉన్న పాటను ఒక సాయంత్రం పాత పెద్ద స్పీకర్లలో పెట్టాను. ట్రంపెట్లు అందుకోగానే వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ పీట మీంచి లేచి వచ్చి, “యాడ నాయనా మేళం కొడుతుండారు, ఈ పొద్దు పండగేం లేదే?” అంటూ వీధి వాకిలి తీసి చూసింది. ఆ పాట ఎలా పుట్టిందో అప్పటికి నాకు తెలియదు. దక్షిణ ఇటలీలోని గల్లీపోలి ఊళ్లో, పూజారులు తమ ఊరి పునీతుడి విగ్రహాన్ని మోసుకుని ఇరుకు సందుల్లో సాగుతుండగా, మోగుతున్న బ్యాండు వెంట కాండన్ రాత్రివేళ నడిచాడని, మరునాడే ఒక్కసారి కూర్చుని ఈ పాట మొత్తం కట్టాడని తర్వాత చదివాను. ఆ ఆల్బమ్‌లో స్వరాలను పాడైపోయిన ఆంప్లిఫయర్ల గుండా, టేపు యంత్రాల గుండా కావాలనే పంపించారట. ఊరేగింపు లౌడుస్పీకర్లలో ఉండే ఆ గరుకుదనం అందుకే వచ్చి ఉంటుంది. మా అమ్మ చెవి ఊరేగింపును కనిపెట్టిందంటే ఆ పాటకు అంతకంటే పెద్ద మెప్పు నేనివ్వలేను.

అన్ని ఆల్బమ్‌లకూ ఇదే మాట చెప్పలేను. 2015 నాటి ‘నో నో నో’ అరగంటైనా నిండదు, పైగా ట్రంపెట్లు అందులో అతిథుల్లా వచ్చిపోతాయి. 2023లో వచ్చిన, నార్వే ఉత్తరాన ఒక చర్చి ఆర్గన్‌తో కాండన్ అన్నీ తానే వాయించి చేసిన ‘హాడ్సెల్’ గంభీరంగా ఉంటుంది, కానీ నాకు వీధి కావాలనిపించిన రోజున దాని జోలికి వెళ్లను.

మేళాల మధ్య పెరిగినవాడిని కనుక నా ఇష్టంలో పక్షపాతం ఉంది. సాహిత్యం స్పష్టంగా చెవిన పడాలని కోరేవారికి కాండన్ గొంతు నచ్చకపోవచ్చు, ఎందుకంటే మాటలు తరచూ వాయిద్యాల్లో కలిసిపోతాయి. ఫోన్ స్పీకర్లో వింటే కింది స్థాయి ఇత్తడి వాద్యాలు దాదాపు మాయమవుతాయి. కొత్తవారు ‘గల్లీపోలి’తో, వీలైతే పెద్ద స్పీకర్లలో, మొదలుపెట్టి, అది పట్టుకుంటేనే పాత ఆల్బమ్‌ల వైపు వెళ్లడం మేలు.