బ్రోజెల్‌మషీనె మొదటి ఆల్బమ్: సితార్ కోసం మొదలుపెట్టి, గిటార్ల కోసం వింటూనే ఉన్నాను

1971లో జర్మనీలో పిల్స్ అనే రికార్డు కంపెనీ (లేబుల్) ఒక ఎల్‌పీ విడుదల చేసింది. బ్యాండ్ పేరు బ్రోజెల్‌మషీనె, ఆల్బమ్ పేరూ అదే. ఆరు ట్రాక్‌లు, అంతా కలిపి 35 నిమిషాలు. నేనిది చాలా ఏళ్లుగా వింటున్నాను. మొదట్లో సీడీలో, తర్వాత ఎక్కువగా ఫోన్‌లో. ఆ రోజుల్లో నాకు నచ్చిన జర్మన్ సైకడెలిక్ (మత్తులో తేలుతున్నట్టు ఉండే రాక్) రికార్డులు చాలావరకు ఇప్పుడు వినబుద్ధి కావడం లేదు. దీన్ని మాత్రం మొదటి పాట పెడితే చివరిదాకా ఆపలేను.

బ్యాండ్ ఊరు డ్యూస్‌బుర్గ్. రైన్, రూర్ నదులు కలిసేచోట ఉన్న ఉక్కు, బొగ్గు పట్టణం. అలాంటి చోట గిటారిస్టు పీటర్ బుర్ష్, విల్లీ కిస్మర్, గాయని యెన్నీ షూకర్, లుట్స్ రింగర్, మైక్ హెల్‌బాఖ్ ఒకే ఇంట్లో కమ్యూన్‌గా బతుకుతూ పాటలు కట్టుకున్నారు. పక్కనే ఉన్న ఎస్సెన్‌లో 1968 సెప్టెంబరులో అయిదు రోజుల పెద్ద సంగీతోత్సవం జరిగింది. అమెరికా నుంచి ఫ్రాంక్ జాపా బృందం కూడా వచ్చింది. దాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యుడు రోల్ఫ్-ఉల్‌రిష్ కైజర్. తర్వాత పిల్స్ లేబుల్ నడిపిందీ, ఈ ఆల్బమ్ నిర్మాతా ఆయనే.

జర్మన్ కుర్రాళ్లు స్కాట్లండ్ జానపదం ఎందుకు పాడారు, సితార్ ఎందుకు పట్టుకున్నారు అని చాలామంది అడుగుతారు. నాజీలు అక్కడి జానపద గీతాలను తమ ప్రచారానికి విపరీతంగా వాడుకున్నారు. యుద్ధం తర్వాత పెరిగిన తరానికి తమ ఊరి పాట నోరారా పాడుకోవడమే ఇబ్బంది అయిపోయింది. కొందరు పాత తిరుగుబాటు పాటలు వెతికి తీశారు. ఇంకొందరు బ్రిటన్ వైపు చూశారు, ఇండియా వైపు చూశారు. 1965లో జార్జ్ హారిసన్ బీటిల్స్ పాటలో సితార్ వాయించాక, 1967లో పండిట్ రవిశంకర్ అమెరికాలోని మాంటెరే సంగీతోత్సవంలో కచేరీ చేశాక, యూరప్‌లో ఆ వాద్యం కోసం యువత ఎగబడింది. ఈ నేపథ్యం తెలిశాక ఆల్బమ్‌లోని ఆ కలగలుపు నాకు ఫ్యాషన్‌లా అనిపించడం మానేసింది. తమ ఇంట్లో పాట చెడిపోతే పక్కింటి పాటను గౌరవంగా అడిగి తెచ్చుకున్నవాళ్లలా వినిపిస్తారు.

సితార్ ప్రధానంగా వినిపించేది అయిదో ట్రాక్‌లో. దాని పేరు ‘ష్మెటర్‌లింగ్’, అంటే సీతాకోకచిలుక. తొమ్మిది నిమిషాలు దాటుతుంది. సితార్, తబలా, మధ్యలో జర్మన్‌లో మాటలుగా చెప్పే పంక్తులు. మన చెవికి ఇక్కడో పరీక్ష ఉంటుంది. చిన్నప్పటి నుంచి కచేరీలు విన్నవాళ్లం కాబట్టి సితార్ మోగగానే ఆలాపన కోసం, గమకం కోసం, తబలా సమం మీదకి వచ్చి పడే క్షణం కోసం ఎదురుచూస్తాం. అవేవీ ఇక్కడ ఉండవు. దీన్ని రాగం అనలేం. ఒక శృతి పట్టుకుని, దాని చుట్టూ కొన్ని స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తారు. మొదట్లో నాకది లోటుగానే అనిపించింది. వినగా వినగా అర్థమైంది ఏమిటంటే, వీళ్లు రాగం వాయిస్తున్నట్టు ఎక్కడా నటించరు. రానిదాన్ని వచ్చినట్టు చూపించే వేగం లేదు, తీగలు లాగి చూపించే విన్యాసాలు లేవు. వాళ్లకి వచ్చింది శృతిలో నిలబడటం. దాన్ని తొమ్మిది నిమిషాలు తొందరపడకుండా చేశారు. అప్పటి రాక్ రికార్డుల్లో పాట మధ్యలో అత్తరు చల్లినట్టు సితార్‌ని రెండు క్షణాలు మోగించి వదిలేయడం మామూలు. ఇక్కడ పాట మొత్తం దాని మీదే నిలబడింది. అందుకే ఇన్నేళ్లయినా పాడవలేదు.

అయినా నన్ను ఈ ఆల్బమ్‌కి కట్టిపడేసింది సితార్ కాదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. గిటార్లు, యెన్నీ గొంతు. మొదటి ట్రాక్ ‘గెడాంకెన్’లో రెండు అకూస్టిక్ గిటార్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడుస్తాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చుకోలేం. మంచి ఇయర్‌ఫోన్స్‌లో వింటే తీగ మీద వేలు జారే చప్పుడు కూడా తెలుస్తుంది. రికార్డింగ్ చేసింది కొలోన్ దగ్గర ష్టోమెల్న్‌లో స్టూడియో ఉన్న డీటర్ డీర్క్స్. ఆ కాలపు జర్మన్ రాక్‌లో ఎన్నో పెద్ద రికార్డులు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఈ ఆల్బమ్‌లో ఎకో, ఎఫెక్ట్‌లు తక్కువ, గాలి ఎక్కువ. వాద్యాల మధ్య ఖాళీ వినిపిస్తుంది. 50 ఏళ్లు దాటిన రికార్డు ఇంత తాజాగా ఉందంటే సగం పుణ్యం ఆ పనితనానిదే.

ఇందాక చెప్పిన స్కాట్లండ్ జానపదం రెండో ట్రాక్ ‘లాస్సీ’. ఇంగ్లిష్‌లోనే పాడారు. యెన్నీ గొంతులో బరువు లేదు, బడాయి లేదు. బాధని పిండి చూపించకుండా తేటగా పాడుతుంది. పాట విషాదం అలాగే లోపలికి దిగుతుంది. లండన్ జానపద బృందం పెంటాంగిల్ ప్రభావం ఇక్కడ బాగా కనిపిస్తుంది. దాన్ని తప్పుగా నేను చూడను. రెండు నిమిషాల ‘గిటారెన్‌ష్టూక్’ ఆల్బమ్‌లో అన్నిటికంటే చిన్నది. దాన్ని మాత్రమే వెనక్కి తిప్పి మళ్లీ వినే అలవాటు నాకు పోలేదు.

లోపాలు లేవని కాదు. ‘ది ఓల్డ్ మ్యాన్స్ సాంగ్’ నాకు ఇప్పటికీ సాగదీసినట్టే ఉంటుంది. ‘ష్మెటర్‌లింగ్’లో చెప్పే మాటలు జర్మన్ రానివాళ్లకి శబ్దంగా బాగుంటాయి గానీ, పాటకంటే ముందే వాటికి వయసు మీదపడింది. చివరి ‘నోస్సా బోవా’ కొందరికి ఆల్బమ్‌లో ఇమడనట్టు ఉంటుంది. నాకు అది ఇష్టం. అంతసేపు కూర్చుని విన్నాక లేచి నాలుగడుగులు వేసినట్టు ఉంటుంది దాని లయ.

పీటర్ బుర్ష్ గురించి ఒక మాట చెప్పాలి. 1975లో ఆయన ఒక గిటార్ పాఠాల పుస్తకం రాశారు. స్వరలిపి చదవడం రాకపోయినా నేర్చుకునేలా రాసిన పుస్తకం అది. లక్షల కాపీలు అమ్ముడైంది. జర్మనీలో ఒక తరం గిటార్ మీద మొదటి కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) దాంట్లోనే నేర్చుకుంది. బ్యాండ్ పేరు తెలియనివాళ్లకి కూడా అక్కడ ఆయన తెలుసు. ఇది తెలిశాక ఆల్బమ్ మళ్లీ వింటే ఆ గిటార్ వరసలు అంత స్పష్టంగా ఎందుకున్నాయో తెలిసినట్టు అనిపించింది. ఏ వేలు ఎక్కడ ఉందో వినేవాడికి అందేలా వాయించే మనిషి ఆయన. గిటార్ నేర్చుకునేవాళ్లు ‘గెడాంకెన్’ పక్కన పెట్టుకుని చెవితో పట్టుకునే ప్రయత్నం చేయండి. టెన్షన్ అక్కర్లేదు, పాట మెల్లగానే నడుస్తుంది.

కొనేవాళ్లకి నా సలహా: 1971 నాటి అసలు ఎల్‌పీ కలెక్టర్ల చేతుల్లో ఉంది, ధర మామూలు శ్రోతకి అందదు. దాని కోసం డబ్బు పోయకండి. తర్వాత వచ్చిన సీడీ చాలు. మొదటిసారి వినేటప్పుడు ‘ష్మెటర్‌లింగ్’తో మొదలుపెట్టవద్దు, ముఖ్యంగా మన సంగీతం బాగా విన్నవాళ్లు. పోల్చి చూసి పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. ‘లాస్సీ’తో మొదలుపెట్టండి, తర్వాత ‘గెడాంకెన్’. చెవి ఆ గిటార్లకి అలవాటయ్యాక సితార్ దగ్గరికి రండి.

ఇది నచ్చితే అదే లేబుల్ మీద 1972లో వచ్చిన ఎమ్‌టీడీ అనే బృందం ‘జాట్’ వినండి, చాలా అందమైన రికార్డు. డ్యూస్‌బుర్గ్ నుంచే వచ్చిన కాలచక్ర అనే మరో బృందానిది ‘క్రాలింగ్ టు లాసా’ ఉంది. అది బాగా ముదిరిన సైకడెలిక్, అందరికీ పడదు. బ్రోజెల్‌మషీనె పేరుతో 1970ల మధ్యలోనూ, 1978లోనూ వచ్చిన ఆల్బమ్‌లలో వాయించేవాళ్లు గట్టివాళ్లే అయినా ఆ మొదటి ప్రశాంతత దొరకదు, వాటిని నేను ఎప్పుడో గానీ పెట్టను. చాలాకాలం తర్వాత 2017లో వచ్చిన ‘ఇండియన్ క్యామెల్’ని మాత్రం దాటేయకండి.