గ్రోమాక్స్‌లో పీఎంఈ: తొమ్మిదేళ్లు వాడాక

గ్రోమాక్స్ అనే ప్రోగ్రాంలో డీఎన్‌ఏ, కణత్వచాల (కణాల పొరల) పరమాణువుల కదలికలను కంప్యూటర్ మీద లెక్కకట్టే సిమ్యులేషన్లు నడపడమే తొమ్మిదేళ్లుగా నా పని. ఈలోగా ఫోర్స్‌ఫీల్డులు (పరమాణువుల మధ్య బలాల సూత్రాలు) మారాయి, మెషీన్లు మారాయి. పీఎంఈని, అంటే విద్యుత్ బలాలను దూరపు ఆవేశాలతో సహా లెక్కకట్టే పార్టికల్ మెష్ ఇవాల్డ్ పద్ధతిని, మాత్రం వదల్లేదు.

మొదట్లో టైం కలిసొస్తుందని విద్యుత్ బలాలను 1 నానోమీటర్ దగ్గర తెగ్గొట్టి, 12 బేస్ జతల డీఎన్‌ఏని నడిపాను. అంత చిన్న ముక్కలోనూ ఫాస్ఫేట్ల వల్ల −22 ఆవేశం ఉంటుంది. కొన్ని నానోసెకన్లకే కొసన ఉన్న జతలు విడిపోయి, మెలిక వంకర్లు పోయింది. అదే ఫైలుకి పీఎంఈ పెడితే చక్కగా నిలబడింది. కూలుంబ్ బలం, అంటే ఆవేశాల మధ్య విద్యుత్ బలం, దూరంతో చాలా నిదానంగా తగ్గుతుంది, అవతలి ఆవేశాలను లేవనుకుంటే కుదరదు.

దీని వెనకున్న ఆలోచనంటే నాకు ఎంతో ఇష్టం. 1921లో ఇవాల్డ్ స్ఫటికాల కోసం ఈ లెక్కను రెండుగా విడదీశాడు. దగ్గరి భాగాన్ని జతలు జతలుగా కూడి, నునుపుగా ఉండే దూరపు భాగాన్ని ఫూరియర్ పద్ధతికి, అంటే తరంగాల మొత్తంగా రాసే లెక్కకి, అప్పగించాడు. 1993లో డార్డెన్, యార్క్, పెడర్సన్ ఆ రెండో భాగాన్ని గ్రిడ్ మీదికి తెచ్చి ఎఫ్‌ఎఫ్‌టీతో (ఫూరియర్ లెక్కను వేగంగా చేసే పద్ధతితో) చేశారు. ఎన్ పరమాణువులకు లెక్క ఖర్చు ఎన్ లాగ్ ఎన్‌కి దిగింది, అంటే పరమాణువుల సంఖ్య కంటే కొంచెమే వేగంగా పెరుగుతుంది. లక్ష పరమాణువులున్న సిమ్యులేషన్ పెట్టె ఈరోజు నా టేబుల్ కిందున్న కంప్యూటర్లో నడుస్తోందంటే ఆ పుణ్యమే.

సెట్టింగులు డీఫాల్టువే చాలు: కటాఫ్ (జతలుగా కూడే దగ్గరి భాగం హద్దు) 1.0, గ్రిడ్ ఎడం 0.12 నానోమీటర్లు, ఆర్డర్ (ఆవేశాలను గ్రిడ్ మీద పరిచే ఇంటర్‌పొలేషన్ స్థాయి) 4. రన్ మొదలయ్యాక వేగమైన కటాఫ్, గ్రిడ్ జోడీని గ్రోమాక్సే వెతుక్కుంటుంది.

ఇబ్బంది పెట్టింది క్లస్టర్ (కలిపి వాడే చాలా కంప్యూటర్లు) మీదే. ఎఫ్‌ఎఫ్‌టీ కోసం పీఎంఈ ప్రాసెస్‌లన్నీ ఒకదానితో ఒకటి డేటా మార్చుకోవాలి. ఒకసారి కోర్లు రెట్టింపు చేస్తే వేగం పెరక్కపోగా తగ్గింది. లాగ్ ఫైలు అడుగున చూస్తే పీఎంఈ భారం మిగతా బలాలకు 1.4 రెట్లు ఉంది, తక్కిన కోర్లు దానికోసం ఖాళీగా కూర్చున్నాయి. పీఎంఈకి విడిగా ఇచ్చే కోర్లు పెంచాకే దారికొచ్చింది. 2018 వెర్షన్ నుంచి పీఎంఈ జీపీయూ మీదా నడుస్తుంది కాబట్టి, ఒక్క కార్డున్న మెషీన్లో ఈ టెన్షన్ లేదు.

కొత్తవాళ్లకు ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: పెట్టె మొత్తం ఆవేశం సున్నా చేయండి. సున్నా కాకపోతే పీఎంఈ వ్యతిరేక ఆవేశాన్ని పెట్టె అంతటా, త్వచం లోపలి కొవ్వు భాగంలో కూడా, సమంగా పరిచినట్టే లెక్కకడుతుంది. ఒక త్వచం రన్‌లో +6 మిగిలిపోయింది. వార్నింగ్ వచ్చినా, వార్నింగులను దాటనిచ్చే మాక్స్‌వార్న్ ఆప్షన్ పెట్టి దాటేశాను. సోడియం అయాన్లు త్వచంలోకి దూరడం అసలుకంటే తేలికైనట్టు లెక్క వచ్చింది. మూడు వారాల డేటా మొత్తం తీసేసి, ఆరు క్లోరైడ్లు కలిపి మళ్లీ మొదలుపెట్టాను.