నారాయణపేట స్నేహితుడితో లూయిస్ దీవి

స్కాట్లాండ్‌కి పడమర లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో నేనుండేది ఒకే గది ఉన్న ఇల్లు. అందుకని జూన్‌లో వచ్చిన స్నేహితుడికీ, వాళ్లావిడకీ ఊరి బయట ఒక కాటేజీ చూసిపెట్టాను. ప్రకటనలో సముద్రం కనిపిస్తుందని రాశారు. కనిపిస్తుంది, అబద్ధం కాదు. బాత్రూమ్ కిటికీలోంచి, స్టూలెక్కి చూస్తే. వంటిల్లు మాత్రం బాగుంది. బ్యాగులో బియ్యం, పచ్చళ్లు మోసుకొచ్చినవాళ్లకు సముద్రం కన్నా అదే ముఖ్యం కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

స్కాట్లాండ్ తీరంలోని ఉల్లాపూల్ నుంచి ఓడలో రెండున్నర గంటల పైనే పడుతుంది. మనుషులకు సీటు దొరకడం పెద్ద కష్టం కాదు కానీ, వేసవిలో కారుతో రావాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. వీళ్లు బస్సు దిగి, నడిచి ఓడెక్కారు. ఇక్కడ తిప్పడానికి నా కారు ఉంది. లేకపోతే ఈ దీవిలో కష్టమే. బస్సులు తక్కువ, ఆదివారం అయితే వాటి మీద ఆశే పెట్టుకోకూడదు.

వాళ్లు దిగింది శనివారం సాయంత్రం. అన్నం తినేసరికి తొమ్మిది దాటింది. పడుకుంటామంటే వద్దని కలనిష్ నిలువురాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేది రాత్రి పదిన్నరకి. టూరిస్టు బస్సులన్నీ వెళ్లిపోయి ఉంటాయి. రాళ్ల మధ్యే తిరగొచ్చు. మధ్యలో ఉన్న రాయి దాదాపు 4.8 మీటర్ల ఎత్తు. నిలబెట్టి సుమారు 5,000 ఏళ్లు. 1857లో చుట్టూ పేరుకున్న పీట్ మట్టిని (ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే బురద నేల మట్టి) మీటరున్నర లోతున తవ్వి తీసేదాకా వీటి అసలు ఎత్తు ఎవరికీ తెలియలేదు.

నేను ఇదంతా చెబుతుంటే మావాడు ఒక రాయికి ఆనుకొని, "అరేయ్, గిసొంటియి మా ముడుమాల్ల గూడ ఉన్నయ్ గద" అన్నాడు. నిజమే, కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లాలోనే ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఎప్పుడైనా చూశావా అని అడిగితే లేదన్నాడు. వాళ్లావిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆదివారం ఇక్కడ దైవదినం. చాలా దుకాణాలు మూతే. ఆదివారం ఓడ నడవడం మొదలైందే 2009 జులైలో, అదీ బోలెడు వ్యతిరేకత మధ్య. కాబట్టి ఆ రోజుకి టికెట్టు, తాళం అక్కర్లేని చోటే నయమని పులిహోర కట్టుకొని హారిస్‌లోని లస్కెంటైర్ బీచ్‌కి వెళ్లాం. పేరుకు వేరే గానీ హారిస్, లూయిస్ రెండూ ఒకే దీవి. తెల్లటి ఇసుక, ఆకుపచ్చా నీలం కలిసిన నీళ్లు. ఫొటోలు చూసి మాల్దీవులు అనుకుంటారు, నీళ్లలో కాలు పెట్టగానే ఆ భ్రమ పోతుంది. అక్కడికి వెళ్లే సన్న రోడ్డు మీద ఎదురుగా కారొస్తే, పక్కన ఆగే జాగా ఎవరికి దగ్గరుంటే వాళ్లు ఆగాలి. ఆగినవాళ్లకు చెయ్యెత్తడం మర్యాద. మధ్యాహ్నానికల్లా మావాడు గొర్రెలకు కూడా చెయ్యెత్తుతున్నాడు.

సోమవారం పొద్దున టిఫిన్‌కి స్టోర్నోవే బ్లాక్ పుడ్డింగ్ పెట్టాను. రక్తం, ఓట్స్, కొవ్వు కలిపి చేస్తారని చెబితే "మన నల్ల (రక్తం వేపుడు) లెక్కనే" అని రెండు ముక్కలు ఎక్కువే తిన్నాడు. వాళ్లావిడ పెరుగన్నంతో సరిపెట్టుకుంది.

తర్వాత ఆర్నోల్ ఊళ్లోని బ్లాక్‌హౌస్, అంటే ఇక్కడి పాతకాలపు ఇల్లు. 1966 దాకా కుటుంబం ఉన్న ఇల్లు. పొగగొట్టం లేదు, నేల మధ్యలో పీట్ నిప్పు, మనుషులకూ పశువులకూ ఒకటే కప్పు. నాకు కళ్లు మండి బయటికొచ్చేశాను. ఆమె మాత్రం అమ్మమ్మ వాళ్ల పొయ్యి వాసనంటూ అక్కడే కూర్చుంది. ఆదివారం తెరవరు, గుర్తుపెట్టుకోండి.

అసలు సంగతి తర్వాతిది. హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్ట నేసే ఒకాయన షెడ్డు దగ్గర అయిదు నిమిషాలు ఆపుదామనుకున్నాను. 1993 చట్టం ప్రకారం ఈ దీవుల్లో నేతగాళ్లు తమ ఇళ్ల దగ్గర చేత్తో నేస్తేనే అది హారిస్ ట్వీడ్. మిల్లు నుంచి పడుగు, ఉన్నిదారం వస్తాయి, నేసిన బట్ట మళ్లీ మిల్లుకే వెళ్తుంది. మావాడి నాన్న నారాయణపేటలో నలభై ఏళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. అందుకే మిగతావాళ్లలా రంగులు, ధరలు అడక్కుండా మావాడు నేరుగా "కూలి గజానికా, థానుకా?" అన్నాడు. తర్జుమా చేయడానికి నా ఇంగ్లిష్ చాల్లేదు. ఆయన మగ్గం ఆపి స్టూలు లాగాడు.

పెడల్ తొక్కుతుంటే నాడె అటూ ఇటూ కొట్టుకుంటోంది. మావాడు నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాడు. ముసలాయన కాసేపు మాట్లాడకుండా చూసి, "కండెలు ఎవరు చుడతరో అడుగు" అన్నాడు. నేను అడిగాను. నేతాయన తల తిప్పి, ఇంటి కిటికీలో నిలబడ్డ భార్య వైపు చూపించాడు. ఫోన్లో అవతల నుంచి పెద్ద నవ్వు.

అక్కడే రెండు గంటలు పోయాయి. ఉత్తరం కొసన 1862 నాటి ఎర్ర ఇటుకల లైట్‌హౌస్, బట్ ఆఫ్ లూయిస్, చూపించలేకపోయాను. మర్నాడు పొద్దున్నే వాళ్ల ఓడ.