డైవింగ్ రిసార్టులో ఒడ్డున ఉండిపోయేవారి సంగతి: స్వరాజ్ ద్వీప్‌లో మా ఆరు రోజులు

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, 2018 డిసెంబరు వరకు హేవ్‌లాక్ అన్న పేరుతో ఉన్న ద్వీపం. అక్కడ తూర్పు ఒడ్డున ఉన్న ఒక డైవింగ్ రిసార్టులో ఫిబ్రవరి నెలలో మావారూ నేనూ ఆరు రోజులు ఉండి వచ్చాము. నేను విశాఖపట్నంలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ మొదలుపెట్టి, 30 మీటర్ల లోతు వరకు దిగడానికి వీలు కల్పించే అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేసుకున్నదాన్ని. మావారికి చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉంది కనుక ఆయన సిలిండరు జోలికి పోరు. ఈత మాత్రం నాకన్నా బాగా వచ్చు. డైవింగ్ చేసేవారు ఇలాంటి చోట్ల గురించి చాలానే రాశారు. ఇద్దరిలో ఒకరే నీటిలోకి దిగే జంటకు ఆ రిసార్టు ఎంతవరకు పనికొస్తుందన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్న విషయం. చెప్పవలసిన వాటిలో ఫిర్యాదులూ ఉన్నాయి కనుక రిసార్టు పేరు రాయడం లేదు.

ముందుగా నా వంతు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అందులో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, అంతా బాగానే ఉంది. డైవింగ్ కేంద్రం రిసార్టు ఆవరణలోనే ఉంది, పరికరాలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కో గైడు వెంట నలుగురికి మించి పంపలేదు. ఉదయం ఆరున్నరకు పడవ బయలుదేరి, రెండు డైవ్‌లు పూర్తయ్యాక ఒంటిగంటకు అటూ ఇటూగా ఒడ్డుకు చేరేది. డిక్సన్స్ పినకిల్ అనే డైవింగ్ చోట బర్రకుడా చేపల గుంపు నా తల మీదుగా వెండి తెర లాగినట్టు సాగిపోవడం, జానీస్ గార్జ్ అనే మరో చోట రాళ్ల మధ్య ఒక సొరచేప కదలకుండా పడుకుని ఉండడం చూశాను. నీరు వెచ్చగా ఉంది, డైవింగ్‌కు వేసుకునే వెట్‌సూటు పలచనిదే సరిపోయింది. డైవరుగా నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

మావారు మూడు ఇస్తానన్నారు. ఆ ఒకటిన్నర తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఈ సమీక్ష.

అండమాన్ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. కాబట్టి ఫిబ్రవరిలో అక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. నేను పడవ దిగి, పరికరాలు కడిగి, ఉప్పునీళ్లు వదిలించుకుని, భోజనం ముగించేసరికి రెండు దాటేది. అంటే పగటి వెలుగులో మేమిద్దరం కలిసి గడపడానికి మిగిలినది రోజుకు మూడున్నర గంటలు. హైదరాబాదులో కూర్చుని ప్రయాణం ఖరారు చేసుకున్నప్పుడు ‘ఉదయం నా డైవింగ్, సాయంత్రమంతా మనది’ అని మావారితో ఎంతో ఉదారంగా అన్నాను. ఆ సాయంత్రం అనేది అక్కడ దాదాపుగా లేదని నాకు తట్టనే లేదు. రిసార్టు వారు పంపిన దినచర్య కాగితంలో పడవ వేళలు, డైవ్‌కు ముందు సూచనలు చెప్పే వేళలు, భోజనం వేళలు అన్నీ ఉన్నాయి కానీ సూర్యాస్తమయం వేళ లేదు. ఆ ఒక్క పంక్తి ఉండి ఉంటే నేను నాలుగు రోజుల డైవింగ్‌ను మూడు రోజులకు తగ్గించుకునేదాన్ని.

ఉన్న ఆ మూడున్నర గంటల్లోనైనా రిసార్టు ముందున్న సముద్రంలో ఇద్దరం ఈదుదామంటే సముద్రం కూడా అక్కడ ఉండాలి కదా. ద్వీపం తూర్పు ఒడ్డు వాలు చాలా తక్కువగా ఉండి, రాళ్లతో, చచ్చిన పగడంతో నిండిన ఒడ్డు. పోటు మీద ఉన్నప్పుడు ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ నీళ్లు కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా వస్తాయి. ఆటు వేళకు అదే చోట వంద గజాలకు పైగా నల్లటి రాళ్లు, బురద, గుంటల్లో చిక్కుకున్న పీతలు తప్ప ఏమీ ఉండవు. మేము పున్నమినాడు దిగాము. ఆ రోజుల్లో ఉదయం పది ప్రాంతంలో నిండు పోటు, నాలుగు దాటాక పూర్తి ఆటు. అంటే నేను పడవలో ఉన్నంతసేపు మావారి ముందు సముద్రం ఉంది, నేను వచ్చేసరికి అది వెనక్కి వెళ్లిపోతోంది. మొదటి రోజు మధ్యాహ్నం ఇద్దరం పట్టుదలగా దిగి మోకాలి లోతు నీళ్లలో ఇరవై నిమిషాలు నడిచి, ఆయన అరికాలు కోసుకుని వెనక్కి వచ్చాము.

ఈ విషయంలో మాకు జ్ఞానోదయం చేసినవారు రిసార్టు వారు కాదు, అక్కడ తోటపని చూసే ఒక పెద్దాయన. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరకు వచ్చారు. వారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారట. మావారి కాలికి కట్టిన గుడ్డ చూసి, ‘పాటులో దిగిపోనారేటి బాబూ? పున్నం నాటి పోటు ఏళ చూసుకోండి, ఆ మీద రోజుకి రెండు గడియలు కలుపుకుంటూ పోండి, అంతే,’ అన్నారు. రెండు గడియలంటే 48 నిమిషాలు. ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయని డైవింగ్ కోర్సులో నేనూ చదువుకున్నాను, పరీక్ష రాసి మరిచిపోయాను. పెద్దాయన లెక్క ప్రకారమే చవితినాడు నేను తిరిగి వచ్చేసరికి పోటు నిండుగా ఉంది. ఆ మధ్యాహ్నం మేము రెండు గంటలపాటు కలిసి ఈదాము. గది మెట్లకు పది అడుగుల దూరంలోనే ఒక చిన్న క్లౌన్ చేపల జంటను మావారే నాకు చూపించారు.

దీనినిబట్టి తెలిసేదేమిటంటే, ఇటువంటి జంటలు తేదీలు ఖరారు చేసుకునే ముందు విమానం ధరతో పాటు పంచాంగం కూడా చూసుకోవాలి. అష్టమికి అటూ ఇటూగా ఉండే వారంలో పోటు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళకు వస్తుంది. పైగా ఆ రోజుల్లో ఆటుకూ పోటుకూ మధ్య తేడా తక్కువ కనుక లోతులో ప్రవాహాలు కూడా నెమ్మదిగా ఉండి డైవరుకూ మేలే. ఉదయం మాత్రం ఒడ్డున ఉన్నవారికి రాళ్లే మిగులుతాయి. దానికి ఉపాయం తర్వాత చెబుతాను.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం ప్యాకేజీ. ‘జంటల డైవింగ్ ప్యాకేజీ’ అన్నదానిలో ఇద్దరికీ కలిపి డైవ్‌ల ఖర్చు ఉంటుంది. మావారు డైవ్ చేయరని ముందే రాసినా ధర తగ్గించలేదు; ‘సార్‌కు మొదటిసారి చేసేవారి డైవ్ ఇస్తాము, 12 మీటర్లే, భయం లేదు’ అని సమాధానం వచ్చింది. అక్కడికి చేరాక రిసెప్షన్‌లోని యువకుడు కూడా అదే పాట పాడాడు. ఆరోగ్య ప్రశ్నావళిలో ఉబ్బసం దగ్గర ‘అవును’ అని గుర్తు పెట్టిన కాగితం అతని చేతిలోనే ఉంది! డైవింగ్ కేంద్రంలోని శిక్షకురాలు ఆ కాగితం ఒక్కసారి చూసి, డాక్టరు సంతకం లేకుండా ఆయనను నీటిలోకి తీసుకువెళ్లనని నిక్కచ్చిగా చెప్పింది. ఆమె మీద గౌరవం కలిగింది, రిసెప్షన్ మీద కాదు. చివరకు ఎంతో వాదన తర్వాత ఆ సొమ్ముకు బదులు ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్‌కు (ముసుగు, గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ చూడడానికి) పడవ, ఒక రాత్రి కయాకింగ్ (తెడ్డు వేసే చిన్న పడవలో షికారు) ఇచ్చారు. ఇవ్వగలిగినవి మొదటే ఎందుకు చెప్పలేదన్నదే నా ప్రశ్న.

ఒక రోజు మావారు మా డైవింగ్ పడవలోనే వచ్చారు. ఇది మంచి ఆలోచన అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. డిక్సన్స్ పినకిల్ సముద్రం మధ్యలో, నీటి అడుగునే మునిగి ఉన్న రాతి శిఖరం. దాని తల కూడా చాలా లోతున ఉంటుంది. కాబట్టి పైన ముసుగు పెట్టుకుని తేలేవారికి నీలం రంగు తప్ప ఏమీ కనిపించదు. మేము కిందకు వెళ్లిన ముప్పావు గంటసేపు పడవ లంగరు తాడుకు కట్టిన దూడలా ఊగుతూనే ఉంది. నేను పైకి తేలి చూసేసరికి మావారు అంచు పట్టుకుని, పాలిపోయిన ముఖంతో, ‘వాంతులకు అవోమిన్ మాత్ర రాత్రే వేసుకుని ఉండాల్సింది,’ అని మాత్రం అన్నారు. రెండో డైవ్ అయ్యేవరకు తిరిగి వెళ్లే దారి లేదు. డైవ్ చేయనివారిని పడవలో తీసుకువెళ్లదలిస్తే ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా ఉన్న నీమో రీఫ్ వంటి చోటికి వెళ్లే రోజునే తీసుకువెళ్లండి.

ఉదయాలకు ఉపాయం అన్నాను కదా, అది పడమటి ఒడ్డున ఉన్న రాధానగర్ బీచ్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైన బీచ్‌గా పేర్కొన్నది దీనినే. అక్కడ అడుగున ఇసుకే కనుక ఆటు వేళలో కూడా ఈదవచ్చు. జనం సూర్యాస్తమయానికి ఎగబడతారు కాబట్టి ఉదయం ఎనిమిదికి దాదాపు ఖాళీగా ఉంటుంది. మావారు స్కూటరు అద్దెకు తీసుకుని రెండు ఉదయాలు అక్కడే గడిపారు. అయితే ఈత కొట్టదగిన హద్దులను తప్పక పాటించాలి. ఈ ద్వీపాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, 2010లో ఆ బీచ్ పరిసరాల్లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతి మొసలి వాతపడి మరణించింది. స్కూటరు ఏర్పాటు చేసిన రిసార్టు వారు ఈ మాట చెప్పలేదు, అక్కడి హెచ్చరిక పలక చెప్పింది.

గది గురించి కొంచెం. ఫ్యాను, ఏసీ, దోమతెర అన్నీ పనిచేశాయి, పరుపు బాగుంది. కానీ మాకు ఇచ్చినది డైవింగ్ కేంద్రం పక్క గది. తెల్లవారుజామున ఐదున్నరకే సిలిండర్లు నింపే కంప్రెసరు మోత మొదలవుతుంది. డైవ్‌కు వెళ్లే నేను అప్పటికే లేచి ఉంటాను, సెలవుకు వచ్చిన మనిషి ఎందుకు లేవాలి? మూడో రోజు అడిగి చివరి వరుసలోని గదికి మారాము. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక దీవుల్లో ఇంటర్నెట్ మెరుగుపడిన మాట నిజమే. ఆ మెరుగుదల భోజనశాల దాకా వచ్చి ఆగింది, మా గదులకు రాలేదు. భోజనం బెంగాలీ రుచి, చేపల పులుసు ప్రతిరోజూ బాగుంది. టిఫిన్ మాత్రం ఎనిమిదికి గాని పెట్టరు. పడవ ఎక్కేవారికి ఆరింటికే టీ, రొట్టె ఇస్తారు కాబట్టి మావారు ఆరు రోజుల్లో మూడు రోజులు ఒంటరిగానే టిఫిన్ తిన్నారు.

కయాకింగ్ పంచమి రాత్రి పెట్టించుకున్నాము. చంద్రుడు ఆలస్యంగా ఉదయించే రోజు కావాలని శిక్షకురాలే సలహా ఇచ్చింది, పున్నమినాడు అడిగి ఉంటే దండగయ్యేది. మడచెట్ల మధ్య కాలువలో దీపాలు ఆర్పించి, తెడ్డు ముంచమన్నారు. ముంచిన చోటల్లా నీలిరంగు మెరుపు విచ్చుకుని ఆరిపోయింది. నీటిలోని కంటికి కనిపించని జీవులు కదలికకు అలా వెలుగుతాయి. మావారు చేయి ముంచి పైకెత్తితే వేళ్ల చివర నుంచి వెలుగు చుక్కలు రాలాయి. ఆయన ఆ ఆరు రోజుల్లో నోరు విప్పి ‘మళ్లీ వద్దాం’ అన్నది అక్కడే.

చివరి రోజు గురించి డైవర్లందరికీ తెలిసినదే ఒకటుంది. వరుసగా రోజుల తరబడి డైవ్ చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మేము ఒక రోజంతా వదిలాము, ఆ రోజు పూర్తిగా మావారి ఇష్టానికి ఇచ్చాను. ప్రైవేటు ఫెర్రీలో గంటన్నరలో పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, చేరి సెల్యులార్ జైలులో మధ్యాహ్నమంతా గడిపాము. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారిని ఉంచిన జైలది. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికే మావారిని అక్కడి నుంచి కదిలించడం డిక్సన్స్ నుంచి నన్ను పైకి తీసుకురావడం కన్నా కష్టమైంది.

మళ్లీ వెళితే ఇదే రిసార్టుకు వెళతానా అంటే, వెళతాను, డైవింగ్ కేంద్రం కోసం. కానీ జంటల ప్యాకేజీ తీసుకోను. గది విడిగా, నా డైవ్‌లు విడిగా బేరమాడుకుంటాను. చివరి వరుసలో గది కావాలని ముందే రాయించుకుంటాను. రోజూ రెండు డైవ్‌లు కాకుండా రోజు విడిచి రోజు వెళతాను. వచ్చే ఫిబ్రవరి అష్టమి ఏ తేదీన పడుతుందో మావారు ఇప్పటికే క్యాలెండరులో చుట్టి పెట్టారు.