బీబీసీ స్కాట్లాండ్ వార్తలు: ఏళ్ల తరబడి చూశాక నా అభిప్రాయం

గ్లాస్గోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు టీవీ లైసెన్స్ (బీబీసీకి వెళ్లే వార్షిక రుసుము) కట్టడం దండగ కదా అని అడుగుతుంటారు. పిల్లలు ఇక్కడి బడికి వెళ్తుంటే అస్సలు దండగ కాదు. కాకపోతే ఆరు గంటల వార్తలతో ఆపేయకండి, ఆరున్నరవి తప్పకుండా చూడండి.

1999 నుంచి ఇక్కడి చదువు, వైద్యం ఎడిన్‌బరాలోని స్కాటిష్ పార్లమెంటు చేతిలో ఉన్నాయి. ఆరింటికి లండన్ నుంచి వచ్చే బులెటిన్‌లో బడి గురించో ఆసుపత్రి గురించో చెబితే అది చాలాసార్లు ఇంగ్లండ్ సంగతే. మందుల చీటీ చార్జీ పెరిగిందంటారు; మనకి 2011 నుంచి ఆ చార్జీయే లేదు. ఆగస్టు మధ్యలో ఇంగ్లండ్ పిల్లల ఏ-లెవెల్ పరీక్షల ఫలితాల హడావిడి ఉంటుంది. మన పిల్లలు రాసే హయ్యర్ (స్కాట్లాండ్ బడి పరీక్ష) ఫలితాలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. 2008లో బీబీసీ వార్తల మీద ప్రొఫెసర్ ఆంథొనీ కింగ్ ఇచ్చిన నివేదిక కోసం పరిశీలించినప్పుడు చదువు, వైద్యం మీద వచ్చిన 136 కథనాలూ ఇంగ్లండ్‌వేనని తేలింది. ఇప్పుడు ‘ఇది ఇంగ్లండ్‌కి మాత్రమే’ అని చెప్పడం బాగా పెరిగింది. అది నిజమైన మార్పే.

ఆరున్నరకి వచ్చే ‘రిపోర్టింగ్ స్కాట్లాండ్’ విలువ నాకు 2020 మేలో తెలిసింది. 10వ తేదీ ఆదివారం సాయంత్రం ప్రధాని జాన్సన్ టీవీలో మాట్లాడి, ఇంట్లోంచి పని చేయలేనివాళ్లు పనికి వెళ్లొచ్చన్నారు. లండన్ చుట్టాలు ఫోన్ చేసి ‘మీకూ వదిలేశారా?’ అని అడిగారు. ఇక్కడ మాత్రం ఇంట్లోనే ఉండమన్నారు, వ్యాయామానికి ఎన్నిసార్లయినా బయటికి వెళ్లొచ్చన్నది ఒక్కటే మారింది. అప్పటి ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) స్టర్జన్ రోజువారీ విలేకరుల సమావేశాన్ని బీబీసీ స్కాట్లాండ్ లైవ్ ఇచ్చేది కాబట్టి మాకు టెన్షన్ తగ్గింది.

వాతావరణం కూడా ఈ ఆరున్నర వార్తల్లోనే చూడాలి. ఉత్తరాన షెట్లాండ్ దీవుల నుంచి దక్షిణాన బోర్డర్స్ దాకా విడివిడిగా చెబుతారు.

నన్ను బాధపెట్టింది ‘ద నైన్’ ఆగిపోవడం. 2019 ఫిబ్రవరిలో బీబీసీ స్కాట్లాండ్ కొత్త చానెల్‌తో పాటు మొదలైన, రాత్రి తొమ్మిదింటి గంట వార్తల కార్యక్రమం అది. హోలీరూడ్‌లో, అంటే స్కాటిష్ పార్లమెంటులో, ఏ బిల్లు వచ్చినా తీరిగ్గా వివరించేవాళ్లు, ప్రపంచ వార్తల్ని కూడా ఇక్కడినుంచి చూసినట్టు చెప్పేవాళ్లు. చూసేవాళ్లు తక్కువని దాన్ని తీసేసి, ఏడింటికి అరగంట బులెటిన్ పెట్టారు. బులెటిన్ శుభ్రంగానే ఉంటుంది, కానీ ఆ అరగంటలో లోతు కుదరదు.

ఆరింటికే స్కాట్లాండ్, బ్రిటన్, ప్రపంచ వార్తలన్నీ కలిపి గ్లాస్గో నుంచి గంటసేపు ఇవ్వాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. 1998లో బీబీసీ వాళ్లు కాదన్నారు, 2017లో దాని బదులు ఆ కొత్త చానెల్ ఇస్తామన్నారు. నేనైతే ఇప్పటికీ ఆ గంటే కావాలంటాను.