కోనసీమ పెరట్లో ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: కొన్నేళ్లు వాడాక

మాది అమలాపురం దగ్గర పల్లె, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. ఇలాంటి చోట టెలిస్కోపు కొనేవాళ్లకి ముందుగా చెప్పేది ఒకటే: ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరిగే దారిలోనే టెలిస్కోపుని తిప్పే స్టాండు) జోలికి పోవద్దు. దాన్ని ధ్రువ నక్షత్రానికి సరిచూసి పెట్టుకోవాలి, మనకేమో ఆ చుక్క ఉత్తరాన 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మా పెరట్లోంచి ఎప్పుడు చూసినా కొబ్బరి మట్టల వెనకే. డాబ్సోనియన్ అంటే నేల మీద పెట్టే స్టాండులో కూర్చునే అద్దం టెలిస్కోపు, దానికి ఆ గొడవ లేదు, కింద పెట్టి చేత్తో తిప్పుకోవడమే.

నాది 150 మి.మీ. అద్దం, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే దూరం) 1200 మి.మీ. దాంతోపాటు వచ్చిన 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 48 రెట్లు, 10తో 120 రెట్లు కనిపిస్తుంది. 120 దగ్గర గురుడి పట్టీలు, నాలుగు చందమామలు శుభ్రంగా తెలుస్తాయి కానీ నిమిషంన్నర తిరక్కుండానే గ్రహం అంచు దాటి పోతుంది. మా మామ్మ కన్ను పెట్టిన ప్రతిసారీ "ఒరే, పారిపోతందిరా, పట్టుకో!" అని కేకేస్తుంది, నేను గొట్టాన్ని వేలితో అలా కొంచెం నెట్టాలి. శనికి 2025 మార్చిలో వలయాలు మనకి అంచువైపు తిరిగాయి, ఆ ఏడాది చలికాలంలో సన్నటి గీత తప్ప ఏం లేదు, ఇక ఏటా విచ్చుకుంటూ వస్తాయి. పిల్లలకోడి (కృత్తికలు) మాత్రం ఇందులో మొత్తం పట్టదు, దానికి బైనాక్యులర్సే మేలు.

అసలు పైసా వసూల్ ఏప్రిల్, మే రాత్రుళ్లే. దక్షిణాన సముద్రం వైపు దీపాలు తక్కువ (చెరువుల లైట్లు అడ్డురాకపోతే), ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు 26 డిగ్రీల దాకా లేస్తుంది. 48 రెట్లలో నల్లగుడ్డ మీద బొంబాయి రవ్వ చల్లినట్టుంటుంది. యూరప్‌లో చాలామందికి అది చూసే భాగ్యమే లేదు.

ఇక చిరాకులు. మంచు! డిసెంబర్‌లో తొమ్మిదయ్యేసరికి ముందు ఫైండర్ (గురి చూసుకునే చిన్న పరికరం), తర్వాత ఐపీస్ మసకేస్తాయి. గుడ్డతో తుడవకండి, కోటింగ్ మీద గీతలు పడతాయి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఆరబెడితే చాలు. గొట్టం అడుగున ఉన్న పెద్దద్దానికి అంత తొందరగా పట్టదు. ఐపీస్‌లు వాడాక వెంటనే మూసెయ్యకుండా ఆరనిచ్చి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలం వెళ్లేసరికి బూజు. స్టాండు పార్టికల్ బోర్డు, తడి నేల మీద నేరుగా పెడితే అంచులు ఉబ్బుతాయి. నేను అంచులకి వార్నిష్ కొట్టి, కింద ఇటుకలు పెట్టా. ఈ సంగతి అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

డాబా మీదకి ఎక్కించాలని మనసు లాగుతుంది, పైన ఆకాశం ఎక్కువ కదా. కానీ పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంటే బొమ్మ వణుకుతుంది, ఎవరైనా నడిచినా ఊగుతుంది. పెరడే నయం. దోమలకి కొబ్బరి పీచు పొగ వేస్తే మాత్రం గాలి చూసుకుని వెయ్యండి.

జూన్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు మూలనే పడుంటుంది, అది తెలిసే కొనండి. ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లకి ఇది వద్దు, చంద్రుణ్ణి ఫోన్‌తో తియ్యొచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. కళ్లతో చూసి ఆనందించే వాళ్లయితే ఇదే తీసుకోండి, వెడల్పు చూపుకి ఇంకో 32 మి.మీ. ఐపీస్ కూడా కలిపి.