కెటమిన్ చికిత్స: మర్నాడు మాట్లాడే మనిషి ఉంటేనే వెళ్లండి

కెటమిన్ అంటే ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందు, మాత్రలకి లొంగని డిప్రెషన్‌కి దాన్నే తక్కువ డోసులో డ్రిప్‌గా ఎక్కిస్తున్నారు. నేను చెప్పేది ఒక్కటే. డ్రిప్ పెట్టిన మర్నాడు మీతో గంటసేపు కూర్చుని మాట్లాడే సైకాలజిస్టు అక్కడ లేకపోతే, ఎంత పేరున్న చోటైనా, ఎంత తక్కువకి చేస్తామన్నా, నేనైతే వెళ్లను. నేను మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మాటలతో కలిపి ఇచ్చినదీ చూశాను, మాటలు లేకుండా ఇచ్చినదీ చూశాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, తరాల నుంచి పట్టు నేసే ఇల్లు. అమ్మ పోయాక నేను పడిపోయాను. రెండు రకాల మాత్రలు, ఒక్కొక్కటీ పూర్తి డోసులో నెలల తరబడి వాడినా ఏమీ కదల్లేదు, పొద్దున్నే లేచి పళ్లు తోముకోవడం కూడా పెద్ద పనైపోయింది. ఇక్కడ చూస్తున్న డాక్టరుగారే విశాఖ వెళ్లి కనుక్కోమన్నారు. అక్కడ అక్కావాళ్లు ఉన్నారు, రైలెక్కితే నాలుగైదు గంటల్లో దిగుతాం, అది నాకు కలిసొచ్చింది. కెటమిన్ పేరు వినగానే మా వదిన హడలిపోయింది, అది కుర్రాళ్లు పార్టీల్లో వాడే మత్తు కదా అని. నిజానికి చిన్నప్పుడు మా తమ్ముడికి చెయ్యి విరిగితే ఎముక సర్దడానికి ఇచ్చిన మత్తు కూడా ఇదే. అమెరికాలో 1970లోనే దీన్ని ఆపరేషన్ మత్తుగా అనుమతించారు. డిప్రెషన్‌కి ఇచ్చేది అంతకంటే బాగా తక్కువ, మామూలుగా కిలో బరువుకి అర మిల్లీగ్రాము, 40 నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కిస్తారు.

మొదటి చోట పద్ధతి చాలా బాగుండేది. డ్రిప్‌కి ముందే సైకాలజిస్టు మేడమ్ అమ్మ గురించి, ఇంటి గురించి అంతా అడిగి రాసుకున్నారు. ఆ రోజు గదిలో మత్తు డాక్టరు ఒక పక్క, ఆవిడ ఒక పక్క. కళ్లకి గంత, చెవుల్లో మాటలు లేని వీణ, జబ్బకి బీపీ పట్టీ కాసేపటికోసారి బిగిసి వదిలేది. కాసేపటికి నా చేతులు నావి కావేమో అనిపించింది, మంచం ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. అమ్మ చేతులు కనిపించాయి, రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాయి, ముఖం లేదు, చేతులే. భయమేసి మూలిగాను కాబోలు, మేడమ్ "నేనిక్కడే ఉన్నానమ్మా, చూస్తూ ఉండండి" అన్నారు, అంతే, ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాటతో ఊపిరి తేలికపడింది.

అసలు పని జరిగింది మర్నాడు. మత్తు దిగాక రెండు మూడు రోజులు మనసు మీది బరువు పలచబడుతుంది, ఏడుపొస్తుంది గానీ గొంతు పూడుకుపోదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, కెటమిన్ ఇచ్చిన ఒక్క రోజులోనే మెదడు కణాల మధ్య కొత్త లంకెలు పెరగడం 2010లో యేల్ యూనివర్సిటీ వాళ్లు చూశారట. మనుషుల్లోనూ అలాంటిదే జరుగుతుందని చాలామంది అనుకుంటున్నారు. అందుకే ఈ రెండు మూడు రోజులూ వృథా కానివ్వకూడదని మేడమ్ అనేవారు. "ఆ చేతులున్న గది ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. అమ్మ పోయిన దగ్గర్నుంచి మా మగ్గం గది తలుపు తీయలేదని అప్పుడు చెప్పాను, అంతవరకు మా ఆయనతో కూడా ఆ మాట పైకి అనలేదు. ఇంటికెళ్లాక రోజూ పది నిమిషాలు ఆ గదిలో ఊరికే కూర్చోండి, ఏమీ చేయకండి, పక్కన మీవారిని ఉండమనండి అన్నారు. చేశాను. కొన్నాళ్లకి కండెల డబ్బా దించి, దుమ్ము దులిపి, రంగుల ప్రకారం సర్దాను. ఎర్రవి, ఆవపువ్వు రంగువి, అమ్మ పెట్టుకున్నట్టే. ఆ రాత్రి మాత్ర లేకుండా నిద్రపోయాను. ఇలాంటి మార్పు ఏ మాత్రతోనూ నాకు రాలేదు.

ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ గంటల్లో పనిచేసే మందు అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, చాలామందికి కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది, ఆత్మహత్య ఆలోచనలు తగ్గడం కూడా పరిశోధనల్లో కనబడింది. కానీ ఒక్క డ్రిప్‌తో వచ్చింది ఒకటి రెండు వారాల్లో జారిపోవడమూ అంతే మామూలు. నాకూ జారిపోయింది, అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను, డోసు తగ్గింది, అంతే.

ఇక ఆ చెడ్డ రోజు సంగతి. కొన్నాళ్లకి మేడమ్ ఆ చోటు వదిలి వెళ్లిపోయారు, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. చోటు పేరు రాయను. మేం వెళ్లేసరికి కౌన్సెలింగ్ తీసేసి డ్రిప్పులు మాత్రం ప్యాకేజీ కింద పెట్టారు. మందు అదే, డోసు అదే, ఏం కంగారు లేదు అన్నారు. అంత దూరం వచ్చాం కదా అని పడుకున్నాను. గదికి మధ్యలో తెర, అవతల ఇంకో పేషెంటు, వరండాలో టీవీలో ఏదో సీరియల్ గట్టిగా. గంత ఇవ్వలేదు. ఫ్యాను రెక్కలు ఆగి ఆగి తిరుగుతున్నట్టు కనబడుతుండగా అమ్మ దగ్గు వినబడింది, ఆస్పత్రిలో చివరి రోజుల దగ్గు. అది తెర అవతలి మనిషిదో, నా తలలోదో తెలియలేదు. పిలుద్దామంటే మాట రాలేదు. సరిగ్గా అప్పుడు ఒకతను లోపలికొచ్చి ఆధార్ జిరాక్స్ ఉందా అని అడిగి, ఫారం మీద సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చాడు. ఆ పెన్ను పట్టుకున్నది ఎవరి చెయ్యో నాకు తెలియదు. చచ్చిపోయాననే అనుకున్నాను, చచ్చిపోయాక కూడా కాగితాలు అడుగుతారా అని వణికిపోయాను. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. డ్రిప్ అయ్యాక వచ్చినాయన మానిటర్ చూసి "అంతా నార్మల్ అమ్మా" అని వెళ్లిపోయారు. బీపీ నార్మల్, ఆక్సిజన్ నార్మల్, ఆయన చెప్పింది నిజమే. మర్నాడు రావాలా అని అక్క అడిగితే, అక్కర్లేదు, బిల్లు కట్టేసి వెళ్లొచ్చన్నారు.

తిరుగు రైల్లో మా ఆయన ఏదడిగినా జవాబివ్వలేకపోయాను. పలాసలో జీడిపప్పు అమ్మేవాళ్లు ఎక్కి అరుస్తుంటే చెవులు మూసుకున్నాను. ఆ వారమంతా కళ్లు మూస్తే ఆ దగ్గే. మగ్గం గది మళ్లీ మూతపడింది. మనసుని అలా తెరిచి పెట్టి, పక్కన మనిషి లేకుండా వదిలేయడం ఎంత ప్రమాదమో అప్పుడు ఒళ్లంతా తెలిసింది, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. చివరికి అక్క ఎలాగో వాకబు చేసి మేడమ్ ఎక్కడున్నారో పట్టుకుంది. డ్రిప్ లేకుండానే మూడు నాలుగు వారాలు ఫోన్లో ఆ రోజు గురించే మాట్లాడించారు, మళ్లీ నిలబడ్డాను. తర్వాత ఆవిడ ఉన్నచోటే డ్రిప్ కొనసాగించాను.

మందుతో పాటు మాటలు కలపడం కొత్త ఆలోచనేమీ కాదు. రష్యాలో ఎవ్‌గెనీ క్రుపిట్‌స్కీ అనే డాక్టరు 1980లలోనే తాగుడు మాన్పించడానికి కెటమిన్‌తో సైకోథెరపీ కలిపి ఇచ్చారు. అయితే మాటలు కలిపితే ఎంత లాభమో పెద్ద ట్రయల్స్‌లో ఇంకా పూర్తిగా తేలలేదు, చాలా పరిశోధనలు మందు ఒక్కదాని మీదే జరిగాయి. డిప్రెషన్‌కి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది కూడా ఎస్‌కెటమిన్ అనే ముక్కు స్ప్రేకి, డ్రిప్‌కి కాదు. కాబట్టి నా మాటని ఒక పేషెంటు మాటగానే తీసుకోండి.

నా పరిస్థితి వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. నాకు బీపీ లేదు. కెటమిన్ కాసేపు బీపీని పెంచుతుంది, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకి ఇవ్వరు. ఇంట్లో ఎవరికైనా లేనివి వినబడే జబ్బు ఉందా అని ముందే గుచ్చి గుచ్చి అడిగారు. వాడినకొద్దీ మూత్రం మంట ఉందా అని కూడా ప్రతిసారీ అడుగుతారు, ఎందుకంటే ఎక్కువగా, తరచుగా వాడేవాళ్లకి మూత్రాశయం పాడవుతుంది. షాపు లెక్కలు ఇంటి నుంచి చూసుకునే పని కాబట్టి సెలవు బెంగ లేదు. ఖర్చు మాత్రం ఒక్కో సిట్టింగుకి వేలల్లోనే. రాత్రి ఆస్పత్రిలో ఉండలేదు కదా అని ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు, మానసిక జబ్బులకీ మిగతా జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 చట్టం చెబుతున్నా సరే. అక్క ఇల్లు లేకపోతే ఇన్నిసార్లు వెళ్లగలిగేదాన్ని కాదు.

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి అడుగుతున్నవాళ్లకి ఒక మాట. ఫోన్ చేసినప్పుడు రేటు తర్వాత అడగండి. డ్రిప్ జరిగేటప్పుడు గదిలో ఎవరుంటారు, మర్నాడు ఎవరు మాట్లాడతారు, ఏ భాషలో మాట్లాడతారు, ఆ మనిషి సెలవులో ఉంటే డ్రిప్ వాయిదా వేస్తారా, ఇవి ముందు అడగండి. నాకు ఒడియా బాగానే వచ్చు, కానీ అమ్మ గురించి ఏడవాలంటే తెలుగే రావాలి. మందు ఇంటికి పంపిస్తాం, మీరే వాడుకోండి అనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. ఇది 2013 చివర్లో గట్టి ఆంక్షలున్న మందుల జాబితా, అంటే షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చిన మందు, డాక్టరు చీటీ ఒక కాపీ షాపువాడు రెండేళ్లు దాచాలి. చికిత్స దొరికేదాకా ఆగలేనంత కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. సొంత బండి మీద మాత్రం వెళ్లకండి, మర్నాటిదాకా నడపనివ్వరు. వెంట ఒకరు ఉండాల్సిందే.